డ్రమ్ము వాయించినవాడి పేరూ వేయండి

సంపాదకుడు గారికి,

పాటల హక్కుల గొడవ మళ్లీ మళ్లీ పేపర్లకెక్కుతోంది. 2017లో ఇళయరాజా గారు బాలుగారికి లీగల్ నోటీసు పంపించినప్పటి నుంచి చూస్తున్నాను. చర్చంతా బాణీ కట్టినవారి గురించి, పాడినవారి గురించి, ఆడియో కంపెనీ గురించే. వాయించినవాళ్ల ఊసే ఉండదు. నేను ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించే మనిషిని కాబట్టి నాకు కాస్త ఎక్కువ గుచ్చుకుంటుందేమో. అయినా అమెరికాలో సోల్, ఫంక్ (అక్కడి నల్లవాళ్ల సంగీత శైలులు) వాయించే ఒక బ్యాండుకు జరిగింది మన సినిమా సంగీతం వాళ్లు ఒకసారి వినాలి.

బ్యాండు పేరు ది విన్‌స్టన్స్. వాషింగ్టన్ వాళ్లు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించేవారు. 1960ల చివర్లో దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి బ్యాండుకు ప్రోగ్రాములు దొరకడమే గగనం. 1969లో వాళ్ల ‘కలర్ హిమ్ ఫాదర్’ పెద్ద హిట్టయింది. యుద్ధంలో తండ్రి పోయిన ఇంటికి వచ్చి, పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకున్న మారుతండ్రి మీద పాట. రికార్డు 10 లక్షల కాపీలు దాటింది. ఆ పాట రాసి పాడిన రిచర్డ్ స్పెన్సర్‌కు 1970లో గ్రామీ కూడా వచ్చింది. అదే ఏడాది బ్యాండు విడిపోయింది.

అసలు సంగతి ఆ రికార్డు రెండో వైపున ఉంది. దాన్ని ఏదో ఒకదానితో నింపాలి కదా, పాత చర్చి పాట బాణీ పట్టుకుని మాటల్లేని ముక్క ఒకటి చకచకా చేసేశారు. పేరు ‘ఆమెన్, బ్రదర్’. అందులో ఒకటిన్నర నిమిషం దగ్గర పడుతుండగా అందరూ ఆగిపోతారు, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు (ఒక్కో బారుకు నాలుగు బీట్లు) వాయిస్తాడు. మొత్తం కలిపి ఏడు సెకన్లు లేదు. మొదటి రెండు బార్లు తిన్నగా నడుస్తాయి. మూడో బారులో స్నేర్ (టక్కుమని మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ పడాల్సిన చోట పడదు, అర బీటు ఆలస్యంగా పడుతుంది. నాలుగో బారులో మొదటి బీటే ఉండదు. వినేవాడు మెట్టు ఉందనుకుని అడుగేసినట్టు తూలతాడు, తేరుకునేలోపు క్రాష్ సింబల్ (పళ్లెంలాంటి పెద్ద తాళం) మోగుతుంది. నేనూ వాయించి చూశాను. లెక్క కుదురుతుంది కానీ ఆ ఊపు రాదు.

1980ల్లో శాంప్లర్ మెషీన్లు వచ్చాక ఎవరి రికార్డులోంచైనా ముక్క కోసి తమ పాటలో వాడుకోవడం తేలికైంది. 1986లో డీజేల కోసం వేసిన ఒక సంకలనంలో ‘ఆమెన్, బ్రదర్’ చేరడంతో ఈ ఏడు సెకన్లు ఊరు దాటాయి. ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యూ.ఎ. వాడుకుంది, గాయకుడు డేవిడ్ బోవీ వాడుకున్నాడు, రాక్ బ్యాండు ఒయాసిస్ వాడుకుంది. ఇంగ్లండులో అయితే దీన్నే వేగం పెంచి, ముక్కలు చేసి, అటూ ఇటూ మార్చి జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలే పుట్టించారు. మన పిల్లలు టీవీలో చూసిన ‘పవర్‌పఫ్ గర్ల్స్’ టైటిల్ మ్యూజిక్‌లోనూ ఇదే డ్రమ్ము. ఇలా వేల పాటలు.

డబ్బు మాత్రం అటువైపు రాలేదు. కాపీరైటు ఉన్న స్పెన్సర్‌కు ఈ వాడకం గురించి తెలిసిందే 1996లో. అప్పటికి దావా వేసే గడువు దాటిపోయింది. 2015లో ఇద్దరు బ్రిటిష్ డీజేలు ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు ఆయన చేతిలో పెట్టారు. ఆ మాత్రమైనా దక్కింది, 2020లో ఆయన పోయాడు. మరి కోల్‌మన్? ఆ డ్రమ్ము వాయించిన మనిషి 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడని స్పెన్సరే చెప్పాడు. ఒకవేళ కేసు నిలిచినా డబ్బు వెళ్లేది కాపీరైటు ఉన్నవాడికే. డ్రమ్మర్‌కు చట్టం ప్రకారం అడగడానికి ఏమీ లేదు.

మన దగ్గర చట్టం కొంత మెరుగు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులకూ రాయల్టీ హక్కు చేరింది, ప్రదర్శకుల్లో వాద్యకారులూ ఉన్నారు. కానీ అదే సవరణలో ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఏదో సందర్భవశాత్తూ చేసిన చిన్నపాటి ప్రదర్శన అయ్యి, పరిశ్రమ అలవాటు ప్రకారం టైటిల్స్‌లో సహా ఎక్కడా పేరు వేయనివాళ్లయితే, వాళ్లను ప్రదర్శకుల కింద లెక్కలోకి తీసుకోరు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే మిగులుతుంది. పాట మొత్తానికి నాదస్వరం వాయించిన మనిషిది చిన్నపాటి ప్రదర్శన అని ఎవరూ అనలేరు. అయితే రేపు పేచీ వస్తే నిర్మాత తరఫు లాయరు మొదట అడిగేది ‘టైటిల్స్‌లో నీ పేరేదీ’ అనే కదా. కాల్షీటు లెక్కన డబ్బు తీసుకుని ఇంటికెళ్లిన వాద్యకారుడి దగ్గర దానికి జవాబుండదు.

కొందరు సంగీత దర్శకులు యూట్యూబ్‌లో పాట కింద ఫ్లూట్ ఎవరు, వీణ ఎవరు, తబలా ఎవరు అని రాయిస్తున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. అది వాళ్ల మంచితనంగా మిగిలిపోకూడదనేదే నా మనవి. తెలుగు ఫిల్మ్ ఛాంబర్ దీన్ని నియమంగా పెట్టాలి. ప్రతి పాటకూ, రీరికార్డింగుకూ వాయించినవారి జాబితా సంగీత దర్శకుడు సంతకం చేసి నిర్మాతకు ఇవ్వాలి. అది టైటిల్స్‌లోనూ, ఆడియో కంపెనీ విడుదల చేసే ప్రతి చోటా కనిపించాలి. కీబోర్డులో శాంపిల్ లైబ్రరీ (ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల ముక్కలు) వాడితే ఆ సంగతీ రాయాలి. పాత పాటల విషయంలో ఇంకా తొందరగా కదలాలి. మద్రాసు స్టూడియోల రోజుల్లో వాయించినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లది పెద్ద వయసు. ఏ పాటకు ఎవరు వాయించారో వాళ్లను అడిగి రాయించే పని ఈ ఏడాదే మొదలుపెట్టమని ఛాంబర్‌ను కోరుతున్నాను.

– ఒక డ్రమ్మర్,
రాజమహేంద్రవరం