‘ద మెసేజ్’ గురించి రఘుకు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. డబ్బు అడుగుపెట్టిన రోజే హిప్‌హాప్‌లో, అంటే ఆ ర్యాప్ పాటల లోకంలో, ధిక్కారం చచ్చిపోయిందని నువ్వు రాసిన మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను కనుక, నా అభిప్రాయం ఎందుకు మారిందో నీకు వివరంగా చెప్పాలనిపించింది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన పార్టీతోనే హిప్‌హాప్ పుట్టిందని చెబుతారు కదా, ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు నాలుగు డబ్బులు సమకూర్చుకోవాలని, అమ్మాయిల దగ్గర 25 సెంట్లు, అబ్బాయిల దగ్గర 50 సెంట్లు వసూలు చేసింది. అంటే పైసల గలగల తొలిరోజు నుంచీ ఉన్నదే.

నన్ను అన్నిటికంటే కదిలించినది 1982లో వచ్చిన ‘ద మెసేజ్’ కథ. పాడుబడ్డ పేటల్లో మనిషి బతుకు ఎలా నలిగిపోతుందో చెప్పిన ఆ పాటను పాడించాలని పట్టుబట్టింది షుగర్ హిల్ అనే రికార్డు కంపెనీ యజమానుల్లో ఒకరైన సిల్వియా రాబిన్సన్. పార్టీకి వచ్చినవాళ్లు ఇంత బరువైన పాటకు ఆడరని వెనకాడింది ఆ కంపెనీకి రికార్డులు చేస్తున్న డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందమే. చివరికి ఆ బృందం నుంచి మెలీ మెల్ ఒక్కడే, పాట రాసిన ఎడ్ ఫ్లెచర్‌తో కలిసి పాడాడు, రికార్డు మీద మాత్రం బృందమంతటి పేరూ పడింది. వ్యాపారి పట్టుదల వల్ల నిరసన పాట బయటికి వచ్చిందంటే మొదట నేనూ నమ్మలేకపోయాను. అయితే మరుసటి ఏడాదే, తనకు రావలసిన రాయల్టీ ఇవ్వలేదని ఫ్లాష్ అదే కంపెనీ మీద దావా వేశాడు. పేదరికాన్ని పాడిన పాట సొమ్ము ఎవరి చేతికి చేరిందన్న ఈ తగాదాయే నాకు అసలు బాధ కలిగిస్తుంది.

పెద్ద కంపెనీల ద్వారా వచ్చిన పాటకు వీధిలో చోటుండదని కూడా అనలేను. ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ పాట ‘ఆల్‌రైట్’ను 2015లో పోలీసుల దౌర్జన్యానికి ఎదురు నిలిచిన నల్లజాతి యువత గొంతెత్తి పాడుకుంది, అతనికే 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కానీ ఏ పాట రేడియోకు చేరాలో కంపెనీయే తేల్చే చోట, పేటలోని అద్దె కష్టం చెప్పే పాట కంటే తుపాకుల పాట సులువుగా అమ్ముడవుతుందని నువ్వు రాసిన ఆవేదనతో పూర్తిగా ఏకీభవిస్తాను.

ఈసారి ‘ద మెసేజ్’ను చివరిదాకా విను. పోలీసులు వచ్చి కుర్రాళ్లను పట్టుకుపోయే ఆ చిన్న నాటకంలోనే మిగతా సభ్యుల గొంతులు వినిపిస్తాయి. అక్కడ నీకేమనిపించిందో తప్పకుండా రాయి.

నీ
మురళి