ఈసారి 45-70 తూటాలు అరలో ఎందుకు లేవంటే

దక్షిణ టెక్సస్‌లో మనుబోతుల వేటకని ఈ చలికాలం మా దుకాణంలో 45-70 అనే పాత రకం లావుపాటి రైఫిల్ తూటాలు చెప్పి ఉంచుకున్న మిత్రులందరికీ నమస్కారం. ఫోనులో పూర్తిగా చెప్పలేకపోయిన సంగతిని ఇక్కడ రాస్తున్నాను. 405 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) గుండుతో, ఘాటుగా తుపాకి మందు పట్టించి ఏటా తెప్పించే ఆ సరుకును తయారీదారుకే తిప్పి పంపేశాను.

మన మార్లిన్ 1895 రకం రైఫిల్‌లో గాని, పాత వించెస్టర్ 1886 రకంలో గాని తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని ఉంటాయి. కాల్చిన ప్రతిసారీ ఆ తన్ను గొట్టంలో మిగిలిన తూటాలన్నింటికీ తగులుతుంది కనుక, మందు ఉండే ఇత్తడి కేసు మూతిని గుండు మీది గాడిలోకి గట్టిగా నొక్కి బిగించాలి. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా చేసినట్టే, రేంజిలో గొట్టం నిండా తూటాలు పెట్టి, చివరిది మిగిలేదాకా కాల్చి, దాన్ని బయటికి తీసి చూశాను. గాడి కనబడలేదు; గుండు కేసులోకి దిగిపోయి, మూతి చుట్టూ చెక్కుకుపోయిన సీసం సన్నని పొరలా అంటుకుని ఉంది. గుండు లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి, కాల్చినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. ఘాటు సరుకులో అసలే హద్దుకు దగ్గరగా ఉండే ఒత్తిడి అది.

తయారీదారు ఇచ్చిన జవాబు నాకు ఇంకా మింగుడు పడలేదు: ‘ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చుకోమనండి, పాతకాలపు తుపాకులతో ఇలాంటివి మామూలే.’ మా వాళ్ళు 1873లో అమెరికా సైన్యం తీసుకున్న ఒంటి తూటా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో వేటకు పోవడం లేదని చెప్పాను. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఘాటు సరుకు వేయకూడదన్న సంగతి తూటాలు చేసే మనిషికి నేను గుర్తు చేయవలసి రావడమే విడ్డూరం.

అయినా వెంటనే తిప్పి పంపలేదు, చాలా తర్జనభర్జన పడ్డాను. మీలో కొందరు గైడ్లకు అప్పటికే డబ్బు కట్టి ఉన్నారు. హెచ్చరిక చీటీ అంటించి అమ్మేద్దామా అనుకున్నాను. కాని బాగా ఎదిగిన పోతు 250 కిలోలు కూడా తూగుతుంది, మొదటి దెబ్బకు పడకపోతే రెండో తూటా కోసం జేబు తడుముకోమని మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనే మళ్ళీ బిగించి ఇద్దామంటే, తూటాలు తయారుచేసి అమ్మడానికి వేరే ఫెడరల్ లైసెన్సు కావాలి, అది నాకు లేదు. చివరికి ఒక విషయం ధైర్యమిచ్చింది. భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న మనుబోతు, 1920, 30 దశకాల్లో దక్షిణ టెక్సస్‌లోని కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రానికి తెచ్చిన దరిమిలా ఇక్కడ పరాయి జంతువుగానే లెక్క. దాని వేటకు మూసివేత కాలం లేదు. తేదీ జరుపుకోవచ్చు, తుపాకి పగిలి చెయ్యి పోతే తెచ్చుకోలేము.

బోల్ట్ యాక్షన్ మ్యాగ్నంలు, అంటే దూరం కొట్టే ఎక్కువ వేగం రైఫిళ్ళు, పెట్టుకోరాదా అని అడిగినవారూ ఉన్నారు. మామూలు 405 గ్రెయిన్ల గుండు, రైఫిల్ గురిని 100 గజాలకు సరిచేసి ఉంచితే, 200 గజాల దగ్గర సుమారు రెండడుగులు దిగుతుందని నాకూ తెలుసు. ముళ్ళపొదల మధ్య దగ్గరికి నడిచి వెళ్ళి, భుజం మీద, కాస్త దిగువగా కొట్టే వేటకు ఇదే తగినదని నా పట్టుదల, దాన్ని మార్చుకోను.

ప్రస్తుతానికి మరో కంపెనీవి 300 గ్రెయిన్ల తూటాలు తెప్పించాను. ధర ఎక్కువే, పెరిగినదానిలో సగం నేను భరిస్తాను. గుండు మారింది కనుక రైఫిల్ గురిని మళ్ళీ సరిచేసుకున్నాకే వేటకు బయలుదేరండి. డబ్బు వెనక్కి కావాలన్నవారికి అడిగిన రోజే ఇస్తాను. మొదటి రోజే పాత సరుకు పట్టుకెళ్ళిన నలుగురైదుగురు మాత్రం, పెట్టె విప్పి ఉన్నా సరే, మిగిలిన తూటాలన్నీ దయచేసి తెచ్చి ఇవ్వండి. పెట్టె మొత్తానికీ డబ్బు ఇస్తాను.