బండి ఱకి ఒక పండగ

ఏరా, ఎలా ఉన్నావు? మొన్న ఫోన్‌లో "నవంబరు 29న మీ ఇంట్లో ఏం పండగరా" అని అడిగావు కదా, అప్పుడు బస్టాండు గోలలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

అది అసలు రష్యావాళ్ల పండగ. వాళ్ల 33 అక్షరాల్లో 'యో' అనే ఒక్క అక్షరానికి! సర్కారు ప్రకటించిందేమీ కాదు, సెలవూ లేదు, ఆ అక్షరం మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసుకుంటారంతే. 1783లో ఆ రోజున రష్యన్ అకాడమీ సమావేశంలో దాని అధ్యక్షురాలు యెకతెరీనా దాష్కోవా, ఒకే ధ్వనిని రెండు అక్షరాలతో రాయడం ఎందుకు, ఒక అక్షరం పెట్టుకుందాం అని ప్రతిపాదించింది. తర్వాత కరమ్జిన్ అనే రచయిత దాన్ని జనంలోకి తెచ్చాడు, ఆయన పుట్టిన ప్రాంతంలోని ఉల్యానొవ్‌స్క్ ఊళ్లో 2005లో ఆ అక్షరానికి రాతి స్మారకం కూడా పెట్టారు. ఒక అక్షరానికి స్మారకం అంటే నాకెంత ముచ్చటేసిందో!

'యె' మీద రెండు చుక్కలు పెడితే 'యో'. అచ్చు పుస్తకాల్లో ఆ చుక్కలు చాలాసార్లు వదిలేస్తారు, చదివేవాళ్లే సందర్భాన్నిబట్టి సరిచేసుకోవాలి. అట్లా వదిలేయడం వల్లే మనం గోర్బచేవ్, కృశ్చేవ్ అని చదువుకున్నాం. వాళ్ల నోట ఆ పేర్లు 'చోఫ్' అని ముగుస్తాయట, చూడు! రెండు చుక్కలు పోతే ఒక మనిషి పేరు ప్రపంచమంతా మారిపోయింది.

ఇది చదివిన రోజే నాకు మన తెలుగులోని రెండో ర, అదే బండి ఱ, గుర్తొచ్చింది. దానికి చుక్కలు కాదు, మొత్తం అక్షరమే పోతోంది. మా పాప బడి పుస్తకంలో గుర్రానికీ కర్రకీ ఎర్రకీ అన్నిటికీ మామూలు ర-యే. పలకడంలో తేడా ఎప్పుడో పోయింది, నిజమే, కాదనను. కానీ పాతకాలం కవులు ప్రాసలో ర, ఱ కలపకుండా జాగ్రత్తపడేవాళ్లంటే ఒకప్పుడు చెవికి ఆ తేడా తెలిసేదనేగా. ఇంటి ముందు కూర్చునే అరుగు వేరు, తిన్నది అఱగడం వేరు. ఇప్పుడు రెండూ ఒకటే అయిపోయాయి.

అసలు మన జిల్లావాళ్లకి దీంట్లో ఒక సుళువు ఉందిరా, హైదరాబాదులో ఉన్న నీకు ఇది దొరకదు. ఇక్కడ వేలూరు బస్సులూ చెన్నై బస్సులూ రోజూ కళ్ల ముందు తిరుగుతుంటాయి, బోర్డులు చూసి చూసి తమిళం కూడబలుక్కోవడం చాలామందికి వచ్చేసింది. తమిళంలో ఆ రెండో ర ఇంకా బతికే ఉంది. వాళ్లు ఆరు అంకెకీ నూరుకీ పెద్ద ర రాస్తారు, మనం పాత పద్ధతిలో ఆఱు, నూఱు. ఊరుకి, పేరుకి వాళ్లదీ మామూలు ర-యే, మనదీ అంతే! వాళ్లు నదిని ఆఱు అంటే మనం ఏఱు. ఇది పట్టుకున్నాక నేను స్వర్ణముఖి దాటినప్పుడల్లా మనసులో ఏఱు అనే రాసుకుంటున్నా. అన్ని మాటలకూ ఈ లెక్క కుదరదులే, కానీ కుదిరిన ప్రతిసారీ దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినంత సంతోషం.

ఇక ఆ రోజునే మేం మన ఱకి చేసుకునే పండగ సంగతి. ఈసారి ముసురు, వాకిలంతా తడి, అయినా వరండాలో మా అమ్మ ముగ్గుతో ఇంత పెద్ద ఱ వేసింది. ఆమెకి చిన్నప్పటి నుంచి చెయ్యి తిరిగిన అక్షరం, మాకెవరికీ ఆ వంపు రాలేదు. మీ చెల్లెలు ఎఱ్ఱకారం దోశలు పోసింది, మధ్యాహ్నం కొఱ్ఱన్నం, జీలకఱ్ఱ చారు, సాయంత్రం చెఱకు రసం. అన్నీ ఱ ఉన్నవే అని మెనూ రాసింది మా పాప. ఫోన్‌లో వెతికి వెతికి ఆ అక్షరం పట్టుకుని స్నేహితులందరికీ "ఎఱ్ఱ గుఱ్ఱం" అని పంపింది, ఆ స్నేహితుల్లో సగం మంది ఇదేం అక్షరం అని అడిగారు. అడిగారు కదా, అదే కావాలి!

రాత్రి టీటీడీ అచ్చు వేసిన అన్నమయ్య సంకీర్తనల సంపుటం తీసి, మఱి, ఎఱుగు లాంటి మాటలు ఎక్కడున్నాయో అందరం వేళ్లు పెట్టి వెతికాం. పాప ముందు కనిపెట్టింది.

మళ్లీ బడి పుస్తకాల్లో అన్ని మాటలకూ ఱ పెట్టి పిల్లల్ని కష్టపెట్టమని నేననను. గుర్తుపట్టడం వస్తే చాలు, పాత పుస్తకం తెరిచినప్పుడు తడుముకోకూడదు.

నీతో ఒక పని ఉంది. మీ తాతయ్య సంతకంలో బండి ఱ ఉండేది, మీ ఇంటిపేరు ఆయన అట్లాగే రాసేవాడు, నాకు బాగా గుర్తు. మీ పాత భూమి కాగితాల్లో తప్పకుండా ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తీసుకురా, లేకపోతే ముందే ఫోటో తీసి పంపు, పాపకి చూపించాలి. పిల్లల్ని అడిగానని చెప్పు. అమ్మ నీకోసం చిత్తూరు బెల్లం తీసిపెట్టింది.