గాయకుడు బయటికొస్తే పాటలు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

రాక్ బ్యాండ్‌లో ముందు నిలబడి పాడేవాళ్లు విడిపోయి సొంతంగా పాడటం మొదలుపెడితే, పత్రికలు దాన్ని అహాల గొడవగానే రాస్తున్నాయి. ఒప్పంద కాగితాల సంగతి ఎవరూ ఎత్తరు. చౌరస్తా బ్యాండ్‌లో పాడిన రామ్ మిర్యాల ఇవాళ సినిమాల్లో గాయకుడు, స్వరకర్త. మాదాపూర్, జూబ్లీహిల్స్ కేఫ్‌లలో వాయిస్తున్న పిల్లల్లో ఇంకెందరో ఆ దారి పడతారు. వాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం జాన్ ఫోగర్టీది.

అమెరికాలో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌కు పాటలు రాసి, పాడి, గిటార్ వాయించింది ఆయనే. 1969లో ఒక్క ఏడాదిలో ఆ బ్యాండ్ మూడు ఆల్బమ్‌లు తెచ్చింది. 1971లో అన్న టామ్ తప్పుకున్నారు, 1972లో బ్యాండే లేకుండా పోయింది. కుర్రతనంలో ఫాంటసీ రికార్డ్స్‌కు పెట్టిన సంతకాలతో పాటల హక్కులు కంపెనీ చేతికి పోయాయి. తన పాటలే తనవి కాకపోవడంతో ఫోగర్టీ ఏళ్ల తరబడి వాటిని వేదికమీద పాడలేదు.

1985లో వాయిద్యాలన్నీ తానే వాయించి చేసిన ‘సెంటర్‌ఫీల్డ్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అందులోని ఒక పాట 1970లో ఆయనే రాసిన పాటలా ఉందంటూ ఫాంటసీ కేసు వేసింది. పాత పాట హక్కు కంపెనీది కాబట్టి, తనను తానే కాపీ కొట్టాడన్న ఆరోపణకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది! 1988లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకు గిటార్ తెచ్చుకుని, పాటలు ఎలా కడతాడో జ్యూరీ ముందు వాయించి చూపించి గెలిచారు. లాయర్ ఖర్చుల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1994లో అక్కడా నెగ్గారు. పాత పాటల హక్కుల్లో పెద్ద వాటా ఆయన చేతికొచ్చింది 2023లో, 77 ఏళ్ల వయసులో.

మన కాపీరైట్ చట్టం ఈ విషయంలో కొంత నయం. 2012 సవరణ తర్వాత, రికార్డింగ్‌లో చేరిన సాహిత్యానికీ బాణీకీ వచ్చే రాయల్టీలో రచయిత, స్వరకర్త తమ సమాన వాటాను కంపెనీకి వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదు. హక్కుల బదిలీ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. అందుకే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అనే మాటలు కనబడితే సంతకం ఆపి వకీలుకు చూపించాలి.

డ్రమ్స్, బేస్ వాయించేవాళ్లకు ఇక్కడే చిక్కు. చట్టం దృష్టిలో పాట కర్తలు సాహిత్యం రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు మాత్రమే. తక్కినవాళ్లకు ఉండేది తమ వాయింపు మీద 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు. అందరం కలిసి కట్టాం అనుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. రికార్డింగ్ అయిన రోజే, స్టూడియో వదలకముందే, సాహిత్యంలో ఎవరికెంత శాతం, బాణీలో ఎవరికెంత, మాస్టర్ రికార్డింగ్ (పాట అసలు రికార్డింగ్) ఎవరిది అని రాసి, లెక్క 100కు సరిపోయిందో లేదో చూసుకుని అందరూ సంతకాలు పెట్టాలి. పాట హిట్టయ్యాక ఈ మాట ఎత్తితే స్నేహాలే చెడతాయి.

ఎక్కువగా దెబ్బతినేది ఇంకో చోట. స్ట్రీమింగ్‌కు పాటలు ఎక్కించే ఖాతా గాయకుడి సొంత మెయిల్ మీద ఉంటుంది. ఆయన వెళ్లిపోతే డబ్బూ లెక్కలూ మిగతావాళ్లకు అందవు. బ్యాండ్ పేరున మెయిల్ తెరిచి, కనీసం ఇద్దరి దగ్గర పాస్‌వర్డ్ ఉంచాలి. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించే 12 అక్షరాలు, అంకెల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోవాలి. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే ఆడియోను అదే కోడ్‌తో ఎక్కించకపోతే, ఎన్నిసార్లు విన్నారన్న పాత లెక్క పోయే ప్రమాదం ఉంది. ఒక్కో గొంతు, ఒక్కో వాయిద్యం విడిగా ఉండే ట్రాకులు రెండు హార్డ్ డిస్కుల్లో, ఇద్దరి ఇళ్లలో ఉండటం మేలు.

పేరు సంగతి వేరు. 1985లో రోజర్ వాటర్స్ బ్రిటన్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌ను వదిలేశారు, 1987 రాజీలో పేరు మిగతావాళ్లకే దక్కింది. ఇక్కడ బ్యాండ్ పేరును ట్రేడ్‌మార్క్‌గా, వినోద సేవలకు చెందిన 41వ తరగతిలో నమోదు చేయించాలి. వ్యక్తి పేరున ఆన్‌లైన్‌లో అయితే రుసుము రూ.4,500, గడువు 10 ఏళ్లు. ఒక్కరి పేరున వేస్తే పేరు ఆ ఒక్కరిదే అవుతుంది. గాయకుడు వెళ్తే పేరు ఎవరికి, పాత పాటలు వేదికమీద ఎవరు పాడవచ్చు అన్నది రికార్డింగ్ రోజు రాసుకునే ఒప్పందంలోనే చేర్చాలి.

ఇకమీదట బ్యాండ్ విడిపోయిన వార్త రాసేటప్పుడు పాటల హక్కులు, పేరు ఎవరి దగ్గరున్నాయో కూడా అడిగి రాయాలని మీ విలేకరులను కోరుతున్నాం.

– కొందరు బ్యాండ్ కళాకారులు, సౌండ్ ఇంజినీర్లు, హైదరాబాద్