ఓటీటీలో సంగీత నాటకం: ఎప్పుడన్నదే అసలు ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

రంగస్థల సంగీత నాటకాలను చిత్రీకరించి ఓటీటీలో పెడితే నాటకశాలల్లో టికెట్ల అమ్మకం పెరుగుతుందా, పడిపోతుందా అని మీ పత్రికలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. ఒక పక్షం వారు ‘హామిల్టన్’ అనే అమెరికా సంగీత నాటకాన్ని చూపి మేలే జరుగుతుందంటున్నారు, రెండో పక్షం వారు ‘డయానా’ అనే మరో సంగీత నాటకాన్ని చూపి నాటకం మునిగిపోతుందంటున్నారు. ఈ రెండింటిలో దేన్ని పట్టుకుని తీర్పు చెప్పినా తొందరపాటే అవుతుంది. ఏ నాటకాన్ని, అది వేదికపై ఏ దశలో ఉండగా, ఎవరికి అందుబాటులోకి తెస్తున్నారన్నది తేల్చుకోకుండా లాభనష్టాలు లెక్కగట్టడం కుదరదు.

ముందుగా హామిల్టన్ సంగతి. 2016 జూన్‌లో, తొలి తారాగణం ఇంకా నటిస్తుండగానే, న్యూయార్క్‌లోని రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌లో దీన్ని చిత్రీకరించారు. 2021 అక్టోబరులో సినిమా హాళ్లలో విడుదల చేయాలనుకున్న డిస్నీ సంస్థ, మహమ్మారి వచ్చిపడడంతో ఆలోచన మార్చుకుని 2020 జూలై 3న డిస్నీ ప్లస్‌లో పెట్టింది. ఆ ఏడాది మార్చి 12న మూతపడిన బ్రాడ్‌వే (న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల సముదాయం) థియేటర్లు అప్పటికి తెరుచుకోలేదు. ఈ నాటకం న్యూయార్క్‌లో మళ్లీ మొదలైంది 2021 సెప్టెంబరు 14న. అంటే స్ట్రీమింగ్ మొదలయ్యాక ఏడాదికి పైగా అక్కడ అమ్మడానికి టికెట్టే లేదు. లేని అమ్మకానికి దెబ్బ తగలలేదని సంబరపడడంలో అర్థం లేదు. మళ్లీ తెరిచిన తర్వాత కూడా నాటకం గట్టిగా నిలబడిన మాట నిజమే; పదేళ్లు పూర్తయిన సందర్భంగా 2025 సెప్టెంబరులో అదే చిత్రాన్ని సినిమా హాళ్లలోనూ విడుదల చేశారంటే, పక్కనే ప్రదర్శన నడుస్తున్నా నిర్మాతలకు భయం లేదనే అనుకోవాలి. అయితే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

అది సీట్ల లెక్కలో ఉంది. ఆ థియేటర్‌లో ఉన్నవి సుమారు 1,300 సీట్లు, వారానికి జరిగేవి 8 ప్రదర్శనలు. ప్రతి ఆటకూ హాలు నిండినా వారానికి పదివేల పైచిలుకు మంది మాత్రమే చూడగలరు. 2016లో మేలిరకం సీటు ధరను 849 డాలర్లకు పెంచినా కొనేవారు కరువు కాలేదు. మరోవైపు 2020లో డిస్నీ ప్లస్ నెల చందా 6.99 డాలర్లు, ఆ వేసవిలోనే దాని చందాదారులు 6 కోట్లు దాటారు. ఆ చందా కట్టి ఇంట్లో చూసినవారిలో అత్యధికులు ఏనాటికీ ఆ థియేటర్ గడప తొక్కే అవకాశం లేనివారు. కనుక వారు చూసినందువల్ల నాటకశాలకు పోయిందేమీ లేదు. పైగా వారిలో నూటికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు స్వయంగా చూడాలని బయలుదేరినా ఆ సీట్లకు నెలల తరబడి సరిపోయే గిరాకీ పుడుతుంది. ఈ సూత్రం వర్తించేది సీట్ల కంటే ఆశావహులు ఎక్కువగా ఉన్న నాటకాలకే. హాలు సగం ఖాళీగా నడుస్తున్న నాటకానికి హామిల్టన్‌ను ఆదర్శంగా చూపడం, నా దృష్టిలో, నిర్మాతను తప్పుదారి పట్టించడమే.

డయానా కథ ఇందుకు పూర్తిగా విరుద్ధం. 2020 మార్చిలో ప్రివ్యూ ప్రదర్శనలు (లాంఛన ప్రారంభానికి ముందు వేసే ఆటలు) జరుగుతుండగానే బ్రాడ్‌వే మూతపడింది. ప్రేక్షకులు లేని హాలులో నాటకాన్ని చిత్రీకరించి, 2021 అక్టోబరు 1న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేసి, నవంబరు 17న వేదికపై లాంఛనంగా ప్రారంభించారు. డిసెంబరు 19న మూసేశారు. నెట్‌ఫ్లిక్స్ విడుదలే ముంచిందనడానికి చాలామందికి ఈ తేదీలు చాలు. నాకు చాలవు. విమర్శకులు తీవ్రంగా తెగనాడిన నాటకమది. మూసివేత నాటికి కరోనా కొత్త రకం వ్యాప్తితో ఇతర నాటకాలూ ఆటలు రద్దు చేసుకుంటున్నాయి. అయినా నిర్మాతలు చేసిన పొరపాటు ఒకటుంది: నాటకానికి పేరు రాకముందే, టికెట్టు కొనాలన్న కోరిక ఇంకా ఎవరిలోనూ బలపడకముందే, మొత్తం సరుకును జనం ముందు పరిచేశారు. బాగున్న నాటకమైతే ఆ పని ప్రచారంగా మారేదేమో. బాగాలేనిది కనుక తీర్పు ముందే వెలువడింది.

వీటి నడుమ ‘కమ్ ఫ్రమ్ అవే’ అనే మరో సంగీత నాటకం ఉంది. 2021 సెప్టెంబరు 10న ఆపిల్ టీవీ ప్లస్‌లోకి వచ్చి, అదే నెల 21న బ్రాడ్‌వేలో మళ్లీ తెరుచుకుని, 2022 అక్టోబరు 2న ముగిసింది. పర్యాటకులు పూర్తిగా తిరిగిరాని ఆ ఏడాదిలో మూతపడిన నాటకాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఓటీటీ ముఖం చూడనివే ఎక్కువ. అందుచేత దీన్నీ ఏ పక్షానికీ సాక్ష్యంగా నిలబెట్టలేం.

కొంత నమ్మకంగా మాట్లాడగలిగేది స్ట్రీమింగ్ గురించి కాదు, అంతకుముందే మొదలైన సినిమా హాలు ప్రసారాల గురించి. లండన్‌లోని నేషనల్ థియేటర్ 2009 జూన్‌లో తన నాటకాలను సినిమా హాళ్లకు ప్రత్యక్ష ప్రసారం చేయడం ప్రారంభించింది. నెస్టా అనే పరిశోధనా సంస్థ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ ప్రసారాలు ఎక్కువగా అందిన ప్రాంతాల్లో నాటకశాలలకు వెళ్లేవారు తగ్గలేదు సరికదా, కొంత పెరిగారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబరు 30 నుంచి ఇలాంటి ప్రసారాలే చేస్తున్నా, చుట్టుపక్కల ఉండే ప్రేక్షకుల్లో కొందరు ఒపెరా హౌస్‌కు రావడం మాని దగ్గరలోని సినిమా హాలుకు వెళ్తున్నారని దాని నిర్వాహకులే తర్వాత అంగీకరించారు. ఒపెరా వేరు, సంగీత నాటకం వేరు, నిజమే. అయినా దూరాన ఉన్నవారికి ప్రసారం ఆహ్వానంలా పనిచేస్తే, ఏటా పలుమార్లు వచ్చే దగ్గరివారికి అది ప్రత్యామ్నాయం కాగలదన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు. బ్రాడ్‌వే ప్రేక్షకుల్లో పర్యాటకుల వాటా పెద్దది. ఊరివారి మీదే ఆధారపడి, చందా పద్ధతిలో టికెట్లు అమ్ముకునే నాటకశాల పరిస్థితి అది కాదు.

టికెట్ల అమ్మకంలో ‘ఇక దొరకదు’ అన్న మాటకున్న బలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ను 2011లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో చిత్రీకరించారు, 2020 ఏప్రిల్‌లో యూట్యూబ్‌లో కొద్దిరోజులు ఉచితంగానూ చూపించారు. అయినా 2022 సెప్టెంబరులో బ్రాడ్‌వే ప్రదర్శన ఆపేస్తామని ప్రకటించగానే జనం ఎగబడ్డారు. ఫిబ్రవరిలో జరగాల్సిన ముగింపును 2023 ఏప్రిల్ 16కు వాయిదా వేయాల్సి వచ్చింది. అంతకు చాలా ముందే ‘రెంట్’ నిర్మాతలు మరింత జాగ్రత్తగా నడుచుకున్నారు: 2008 సెప్టెంబరు 7న చివరి ఆట ఆడి, ఆ నెలలోనే దాని చిత్రీకరణను సినిమా హాళ్లలో చూపించారు. ముగిసిపోయిన ప్రదర్శన కనుక అక్కడ నష్టపోవడానికి టికెట్లే మిగల్లేదు.

చిత్రీకరణే తప్పన్న వాదన మాత్రం నాకు బొత్తిగా రుచించదు. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 1970 నుంచి నాటకాలను రికార్డు చేసి భద్రపరుస్తోంది. గ్రంథాలయానికి వెళ్లి చూడవలసిందే తప్ప అవి బయటికి రావు. రికార్డు చేయడం ఒక నిర్ణయం, విడుదల చేయడం మరో నిర్ణయం. మంచి తారాగణం ఉన్నప్పుడే చిత్రీకరించి పెట్టుకుని, హాలు నిండుతున్నంత కాలం బీరువాలో ఉంచడానికి అడ్డేమీ లేదు. ఆ విడుదల సొమ్ములో నటులకు, వాద్యకారులకు, తెరవెనుక పనివారికి ఎంత వాటా ఉంటుందో మాత్రం కెమెరా తెరవకముందే కాగితంపై రాసుకోవాలి. 2020లో చిత్రీకరణ పనులు ఎవరి పరిధిలోకి వస్తాయన్న దానిపై రంగస్థల నటుల సంఘానికీ సినిమా, టీవీ నటుల సంఘానికీ తలెత్తిన వివాదం నెలల తరబడి సాగి నవంబరులో గానీ సద్దుమణగలేదు.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. బ్రాడ్‌వే వసూళ్ల వార్తలు రాసేటప్పుడు దయచేసి డాలర్ల మొత్తంతో సరిపెట్టకండి. 2024 డిసెంబరు చివరి వారంలో ‘వికెడ్’ నాటకం 9 ప్రదర్శనలకు 50 లక్షల డాలర్లు దాటి వసూలు చేసినప్పుడు, అదే పేరుతో వచ్చిన సినిమా వల్లే ఇదంతా అన్న వ్యాఖ్యలు వచ్చాయి. అది నాటకం ఆధారంగా తీసిన సినిమాయే గాని వేదికను చిత్రీకరించినది కాదు. పైగా పండుగ వారం, పెరిగిన టికెట్టు ధర, అదనపు ఆట, ఇవన్నీ కలిసిన మొత్తమది. వసూళ్లు పెరిగినా వచ్చిన ప్రేక్షకులు పెరగకపోవచ్చు. నిర్మాతల సంఘం వసూళ్లతో పాటు ప్రేక్షకుల సంఖ్యను కూడా వారం వారం వెల్లడిస్తుంది కనుక, ఓటీటీ విడుదలకు ముందు, తర్వాత ఆ సంఖ్య ఎలా ఉందో, సగటు టికెట్టు ధర ఎంతో పక్కపక్కన ప్రచురిస్తే పాఠకులకు ఉపయోగం. ఏ నగరంలో ఎంతమంది చూశారన్న లెక్కను ఓటీటీ సంస్థలు బయటపెట్టవు. ఆ వివరాలు కూడా అడగవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక నాటక ప్రేక్షకుడు