వ్యాసాలు వినవచ్చు కూడా

రీసెర్చ్ మిత్రులకు నమస్కారం. లైబ్రరీ లాగిన్‌తో గేల్ డేటాబేస్ (పత్రికలు, జర్నళ్ల వ్యాసాలు దొరికే ఆన్‌లైన్ భండారం) తెరిచేవారిలో చాలామంది వ్యాసాన్ని పీడీఎఫ్‌గా దించుకుని వెంటనే బయటికి వచ్చేస్తున్నారు. కాస్త ఆగండి. వ్యాసం తెరిచిన పేజీలోనే ‘లిజన్’ అనే బటన్ ఉంటుంది. నొక్కితే కంప్యూటర్ గొంతు చదివి వినిపిస్తుంది, చదువుతున్న మాట మీద రంగు పడుతూ పోతుంది. వేగం తగ్గించుకోవచ్చు. మన ఊళ్ల పేర్లు దాని నోట నలిగిపోతాయి, నవ్వుకుని సర్దుకోవాలి! ఆడియోను ఎంపీ3గా దించుకుంటే బస్సులోనూ వినవచ్చు. అక్షరాల సైజు పెంచే బటన్ కూడా అక్కడే ఉంది.

పేజీ బొమ్మగా మాత్రమే ఉన్న పాత స్కాన్లను మాత్రం ఇది చదవలేదు. వాటికి కళ్లే దిక్కు. బటన్ కనిపించనివారు ఇక్కడే అడగండి, స్క్రీన్‌షాట్ పెడతాను.