ఇకపై బండి అడుగున నల్ల రంగు వేయం

నమస్తే అండి. వైజాగ్‌లో కంచరపాలెం మెట్టు దగ్గరున్న మా సెకండ్ హ్యాండ్ బండ్ల షాపులో ఇప్పటికే బండి కొన్నవాళ్లకీ, కొందామని చూస్తున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. కాస్త పెద్దదే, అయినా చదవండి. మొదటిసారి బండి కొంటున్నవాళ్లు తప్పకుండా చదవండి.

పోయిన నెల, మేం అమ్మిన ఒక 150 సీసీ బండికి వెనక స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేయి, విరిగింది. కొన్నది ఇరవై మూడేళ్ల అబ్బాయి. మధురవాడ ఐటీ హిల్ మీద మొదటి ఉద్యోగం, జీతంలో నెలనెలా దాచుకుని కొన్న మొదటి బండి. కొన్న రోజే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన ఫొటో నాకు పంపాడు. ఆరు వారాల తర్వాత పెదవాల్తేరులో స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు బిగించే చోట ఇనుము చిరిగిపోయి బండి ఒక పక్కకి ఒరిగిపోయింది. నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి మోచేయి, మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది. అదే హైవే మీద, వెనక లారీ ఉన్నప్పుడు అయ్యుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

మర్నాడు వాళ్లమ్మగారు షాపుకొచ్చారు. అరవలేదు. "బాబూ, మాకు బండ్ల గురించి ఏం తెలుసు? అడుగు కూడా కొత్తదానిలా మెరుస్తుంటే మంచి బండేననుకున్నాం" అన్నారు. ఆ మెరుపు మేం వేసిందే.

బండి వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇచ్చేశాం. పేరు మార్పుకీ ఇన్సూరెన్సుకీ అయిన ఖర్చు, ఆస్పత్రి బిల్లు కూడా కట్టాం. అంతటితో అయిపోయిందనుకోవడం నాకు చేతకాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

పాత బండి షాపులోకి రాగానే మేం చేసే పని ఒకటుంది. వాటర్ సర్వీసింగ్ చేయించి, ఛాసిస్‌కీ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) స్వింగ్ ఆర్మ్‌కీ స్టాండుకీ నల్ల రంగు కొట్టిస్తాం. సైలెన్సర్‌కి వెండి రంగు. పదకొండేళ్లుగా ఇలాగే చేశాను. తుప్పు దాచాలని ఏనాడూ అనుకోలేదు, బండి శుభ్రంగా కనబడాలనే అనుకున్నాను. కానీ రంగు వేశాక కొనేవాళ్లకీ కనబడదు, నాకూ కనబడదు. ఆ బండిని కూడా రంగు ఆరాక పైపైన చూసి షాపు ముందు నిలబెట్టేశాను. తప్పు నాది. రంగు కొట్టిన కుర్రాడిది కాదు.

విరిగిన ముక్క విప్పి చూస్తే అతుకు దగ్గర ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. పాత ఓనర్‌ని అడిగితే అప్పుడు తెలిసింది, ఆ బండి నాలుగేళ్లు బీచ్ రోడ్డులోని ఒక అపార్ట్‌మెంట్ బయట, ఆరుబయటే ఉందని.

మన ఊరి తుప్పు సంగతి కొంచెం చెప్పాలి. సముద్రం గాలిలో వచ్చే ఉప్పు బండి మీద సన్నటి పొరలా కూర్చుంటుంది. ఉప్పు తేమని లాగి పట్టి ఉంచుతుంది కాబట్టి వాన పడకపోయినా ఇనుము తడిగానే ఉంటుంది. దాని మీద రంగు వేస్తే లోపల చిక్కుకున్న ఉప్పూ తడీ తమ పని ఆపవు, పైకి కనబడకుండా తింటూ పోతాయి. నేను చూసినంతలో జాలారిపేట, రుషికొండ, భీమిలి వైపు బయట పెట్టిన బండికి నాలుగేళ్లలో పట్టే తుప్పు, పెందుర్తి అవతల ఇంటి లోపల పెట్టుకున్న బండికి పదేళ్లకి కూడా పట్టదు. ఇంతకుముందు ఏపీ 31 అని కనబడితే మన ఊరి బండి అని తెలిసిపోయేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి బండి ఎక్కడిదో చెప్పలేం. అందుకని ఆర్‌సీలో అడ్రస్ చూడండి. రాత్రిళ్లు బండి ఎక్కడ పెట్టేవారని పాత ఓనర్‌ని అడగండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న ప్రశ్న కంటే వైజాగ్‌లో ఇదే ముఖ్యమని నా నమ్మకం.

ఇకపై మా షాపులో ఏ బండి అడుగునా రంగు వేయం. కడుగుతాం, అంతే. తుప్పు ఉంటే ఉన్నట్టే కనబడుతుంది. అతుకుల దగ్గర ఇనుము పోయిన బండిని అసలు కొనం. ప్రతి బండినీ ర్యాంపు మీదకి ఎక్కించి అడుగు ఫొటోలు తీసి, కొనేవాళ్లకి ముందే పంపుతాం. ఇంతకుముందు మా దగ్గర కొన్నవాళ్లు ఏ రోజైనా బండి తీసుకురండి, ర్యాంపు ఎక్కించి ఉచితంగా చూస్తాం. స్వింగ్ ఆర్మ్ గానీ స్టాండు గానీ చెడిపోయి ఉంటే సామాను ఖర్చు మాది.

మా దగ్గరే కొనాలని లేదు. ఎక్కడ కొన్నా మీరే చూసుకోగలిగేలా నాకు తెలిసింది చెబుతాను.

పగటిపూట వెళ్లండి. బండిని మెయిన్ స్టాండు మీద వేయించి, నేల మీద కూర్చుని ఫోన్ టార్చ్‌తో అడుగు చూడండి. కూర్చోవడానికి మొహమాటపడొద్దు, పక్కన అమ్మేవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. స్వింగ్ ఆర్మ్ అతుకులు, షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్లు, స్టాండు ఛాసిస్‌కి కలిసే చోటు, బ్యాటరీ కింది ట్రే, వెనక మడ్‌గార్డ్ లోపలివైపు, పెట్రోల్ ట్యాంకు కింది అంచు. తుప్పు మొదట తినేది వీటినే. రూపాయి బిళ్లతో గీకితే పొడి రాలి కింద ఇనుము గట్టిగా ఉంటే పైతుప్పు, దానికి భయం లేదు. పెచ్చులు లేస్తే ఆ బండి వదిలేయండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్లగా పలుకుతుంది. పాత బండికి అడుగంతా తాజా నల్ల రంగు కనిపిస్తే ఎందుకు వేశారని అడగండి. నన్ను కూడా ఎవరైనా అడిగుంటే బాగుండేది.

ట్యాంకు మూత తీసి లోపలికి టార్చ్ వేయండి. గోడలు ఎర్రగా ఉంటే ఆ తుప్పు పొడి పెట్రోల్‌తో కలిసి కిందికి దిగుతుంది. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న పాత బండికైతే అది శుభ్రం చేసుకునే ఖర్చుతో పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి పంపు, ఇంజెక్టర్ దాకా ఖర్చు పోతుంది. ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్క్ గొట్టాల మీద గోరుతో పైనుంచి కిందికి గీయండి. గోరు తట్టుకునే గుంతలుంటే అవి ఆయిల్ సీల్‌ని కోసేస్తాయి. కొత్త సీల్ వేసినా ఆయిల్ మళ్లీ కారుతుంది. వైర్ల జాయింట్లలో పచ్చ చిలుము కూడా చూడండి. బండి ఎందుకాగిందో తెలియక మెకానిక్‌లు తలపట్టుకునే సమస్యల్లో చాలా భాగం అక్కడే పుడతాయి.

ఇంజన్ విషయానికొస్తే, అది చల్లగా ఉన్నప్పుడు చూడటం అన్నిటికంటే ముఖ్యం. మీరొస్తున్నారని తెలిసి ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే లోపాలు సగం కనబడవు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు పోయి ఉండొచ్చు, బోర్ చేయించాల్సి రావచ్చు, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కోయించి సరిచేయించాలి. ఉదయం పూట కాసేపు తెల్లటి ఆవిరి వస్తే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం.

తాళం తిప్పగానే బీఎస్ 6 బండి మీటర్లో ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని లైటు కూడా వెలిగి, బండి కొంచెం ముందుకు కదిలాక ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు.

మీటర్ అంకె చూసి మురిసిపోకండి. పన్నెండు వేల కిలోమీటర్లు చూపిస్తున్న బండికి ఫుట్‌రెస్ట్ రబ్బరు నున్నగా అరిగి, బ్రేక్ పెడల్ మెరుస్తుంటే ఆ రెండిట్లో పెడల్‌నే నమ్మండి. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే కొత్త సెట్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2321 అంటే 2021లో ఇరవై మూడో వారంలో తయారైనదని.

నడిపేటప్పుడు ఎత్తు ఎక్కే రోడ్డు మీద తప్పకుండా చూడండి. మన ఊళ్లో అలాంటి రోడ్లకి కొదవ లేదు. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ చప్పుడు పెరిగి, బండి మాత్రం అదే వేగంతో వెళ్తుంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. హ్యాండిల్ మధ్యలో ఎక్కడో పట్టేసినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయింది. ఇంకెవరినైనా నడపమని మీరు వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద వెళ్తున్నాయో లేదో తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక చెట్లూ గోడలూ పడి ఛాసిస్ వంగిన బండ్లు మా దగ్గరికి ఎన్నో వచ్చాయి. పైకి అన్నీ బాగానే కనబడేవి. అలా వెనక నుంచి చూస్తేనే పట్టుబడేవి.

లైసెన్సు ఇంకా రాకపోతే మీరు నడపొద్దు. నడపడం వచ్చిన మనిషిని తోడు తెచ్చుకోండి. మెకానిక్ అయితే ఇంకా మంచిది, కానీ మా మెకానిక్ కాదు, మీ మెకానిక్. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. నేర్చుకునే రోజుల్లో బరువైన బండి ట్రాఫిక్‌లో చేతికి భారమే.

కాగితాల దగ్గర నేను కూడా దెబ్బతిన్నాను. మూడేళ్ల క్రితం ఒక బండి కొన్నాం. లోన్ ఎప్పుడో తీరిపోయిందన్నారు, నిజంగానే తీరింది. కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు కొట్టేయించలేదు. లోనిచ్చిన ఆఫీసు ఊరు మారిపోయింది. అప్పు తీరింది, మాకు అభ్యంతరం లేదని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ కాగితం కోసం నాలుగు నెలలు తిరిగాం. అన్నాళ్లూ కొన్న కస్టమర్‌కి పేరు మారక టెన్షన్. అప్పటి నుంచి ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇవ్వడం లేదు. మీరూ ఇవ్వొద్దు. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా మాట. పేరు మార్పుకి ఫారం 29, 30 కావాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరునీ ఇంజన్ నంబరునీ బండి మీద ఉన్నవాటితో అంకె అంకె కలిపి చూసుకోండి. పెండింగ్ చలాన్లు చూడండి. ఒడిశా బండి చవగ్గా వస్తోందంటే అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి. చాలాసార్లు ఆ చవక మిగలదు.

ఇన్సూరెన్స్ పేరు 14 రోజుల్లో మార్పించుకోవాలి. అలా చేయకపోతే రేపు మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. బండి అమ్మేవాళ్లకి కూడా ఒక మాట. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేసి మర్చిపోకండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా దగ్గర అమ్మినవాళ్లకి పేరు మారగానే కొత్త ఆర్‌సీ కాపీ పంపుతాం. ఇది ఎప్పటి నుంచో చేస్తున్నదే, ఇకపైనా చేస్తాం.

ధరల గురించి కూడా దాచను. ర్యాంపు పనికీ, అదనంగా పట్టే సమయానికీ ఒక్కో బండి మీద ఏడెనిమిది వందలు పెరుగుతుంది. రంగు ఖర్చు మిగులుతుంది కాబట్టి మీ మీద పడేది అందులో సగమే. మా బండ్లు పక్క షాపుల్లో బండ్లంత నిగనిగలాడవు. ఈ మూడు వారాల్లో ఇద్దరు అడుగు చూసి, తుప్పు ఉందని వెళ్లిపోయారు. అది పైతుప్పేనని చెప్పాను, వినలేదు. ఇంకో నలుగురు అదే తుప్పుని బిళ్లతో గీకి చూసుకుని కొన్నారు.

బండి చూడటానికి రావాలనుకుంటే ముందు రోజు సాయంత్రంలోగా ఏ బండో చెప్పండి. ఆ రాత్రి నుంచి దాన్ని స్టార్ట్ చేయకుండా పక్కన పెడతాం. ఆదివారాలు ఉదయం 7 గంటలకే షాపు తీస్తాం. చల్లటి ఇంజన్ మీరే స్టార్ట్ చేసి చూసుకోవచ్చు.